పడమటి కిటికీకి ఏం కట్టాలె?

ఇప్పటి పోరగాండ్లకు ఎండకాలం అంటె సెలవులు, మామిడిపండ్లు. మాకు గప్పుడు ఎండకాలం అంటె పాత కక్ష ఉన్న దాయాది పాలోడు. ఏటేటా వచ్చి దర్వాజ ముంగట కూసొని, "ఈ ఏడు నీ సంగతి తేల్చుకుంట" అన్నట్టె ఉండేది. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల, మందమర్రి బొగ్గు బాయిల నాకు నౌకరి దొరికిన దినాలవి. కరెంటు పంక అనేది ఆఫీసర్ల బంగ్లలల్ల తిరుగుతదని విన్నం గని, తిరుగంగ చూసినోళ్లం కాదు. మాకున్న పంక తాటాకుది. చెయ్యి ఊపినంతసేపు గాలి, చెయ్యి నొచ్చిందా చెమట. (చెయ్యి ఊపితె కూడ చెమటనే అనుకోండ్రి, అది వేరే సంగతి.) గసొంటి ఎండల నేను ఒక కిటికీతోని చేసిన కొట్లాట గురించి చెప్త. కొట్లాట అంటున్న గని, ఓడింది నేనే. ముందుగాల్నే చెప్తున్న, చివరిదాక ఆశ పెట్టుకొని తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

నాకు క్వార్టర్ వరుస ఇంకా రాలే గనుక, బజారెనుక ఓ సావుకారి కట్టిచ్చిన రేకుల అర్రలల్ల ఒకటి కిరాయికి తీసుకున్న. ఒక్కటే అర్ర, ముంగట ఇంత అరుగు, అంతే. ఆ సావుకారికి పొద్దు మీద ఏం ప్రేమనో ఏమో, ఉన్న ఒక్క కిటికీని సరిగ్గ పడమటి దిక్కుకు పెట్టిచ్చిండు. దానికి తలుపులు లేవు, ఇనుప చువ్వలే. పగటాల్ల దాటిందంటె పొద్దు చుట్టం లెక్క నేరుగ లోపటికి వచ్చి మంచం మీద కూసునేది. నెత్తిన రేకులు, ఎదురుంగ పొద్దు, నడిమిట్ల నేను. ఒంటిగ ఉన్నన్ని దినాలు నాకేం ఫికర్ లేకుండె. బాయిల పని, బయట చింతచెట్టు కింద నిద్ర. ఇంట్ల నేను ఉంటెనే గద ఇల్లు కాలేది.

బాయిల నా పని ఏందంటె పరదాలు కట్టుడు. బొగ్గు బాయిల లోపట, భూమి కింద, మనుషులకు గాలి అందాలె గద. ఆ గాలి ఎటు వడితె అటు పోకుంట, డాంబరు పూసిన మందం గోనెబట్టను తెర లెక్క కట్టి, పనోళ్లు ఉన్న దిక్కుకు మళ్లిస్తరు. దాన్నే పరదా అంటరు. నా పేరు ఎవలికీ యాదికుండేది కాదు, అందరికీ నేను పరదాలోన్నే. చిన్న పనే గని నాకు మాత్రం మస్తు పొగరుండె. నేను కట్టిన బట్ట వెనుకనుంచే గదా వీళ్లందరు ఊపిరి పీల్చుకునేది అని లోపట లోపట మీసం దువ్వుకునేటోన్ని. (మీసం అప్పటికి సరిగ్గ రాలే.)

గా పొగరుతోనే పెండ్లి చేసుకున్న. పిల్లది హుజూరాబాద్ దిక్కు పల్లె. వాళ్ల ఇంటికి రెండు మూరల మందం మట్టిగోడలు, పైన గూనపెంకులు. నడి ఎండల ఆ ఇంట్లకు పోతె దుప్పటి కప్పుకోబుద్ధయ్యేది. ఉగాది ఎల్లినంక పిల్లను నా ఎంబడి పంపిచ్చుకుంట మా మామ నన్ను పక్కకు పిలిచిండు. మామ అంటె ఊర్లె పంచాయితీలు చెప్పె మనిషి, మాట తక్కువ, రుమాలు పెద్దది. "సూడు అల్లుడా," అన్నడు, "నా బిడ్డ సల్లటింట్ల పెరిగింది. నీ రేకుల కింద వడలిపోతె నేను చూస్త ఊకోను. రోహిణి కార్తెల వస్త. మంచిగుంటె సరే, లేకుంటె నా ఎంబడి తోల్కపోత." నేను ఛాతి విరుసుకొని, "ఏం ఫికర్ చెయ్యకు మామా, బాయిల అంతమందికి గాలి తోలేటోన్ని, ఇంట్ల ఒక్క మనిషికి తోలలేనా?" అన్న. మామ నన్ను కింది నుంచి మీదికి ఓసారి చూసి, రుమాలు సర్దుకున్నడు.

ఆ మాటల ఉన్న ప్రమాదం నాకు రైలెక్కినంక గని సమజు కాలే. రోహిణి ఎనుక మిరుగం కార్తె, మిరుగం ఎనుక ఆషాఢం. కొత్త పెండ్లికూతురు ఆషాఢమాసం అత్తగారింట్ల ఉండద్దు, తల్లిగారింట్ల ఉండాలె. (పిల్లకు అత్త అయ్యె మా అవ్వ మా ఊర్లెనే ఉన్నది, మందమర్రిల మేమిద్దరమే. అయినా ఆచారం ఆచారమే, దానికి రైలు దూరాలు ఎరుక లేవు.) అంటె ఏందన్నట్టు? రోహిణిల పిల్ల పోయిందంటె మళ్ల శ్రావణం దాక రాదు. అన్ని దినాలు మాడిన రొట్టె, నీళ్లపప్పు తిన్నోనికి ఇంట్ల పొయ్యి మీద పప్పుచారు పొంగుతుండంగ, ఎదురుంగ నవ్వు మొఖమొకటి ఉండంగ, మళ్ల చింతచెట్టు కిందికి పోవాల్నంటె ఎట్లుంటది? మీరే చెప్పున్రి. ఇగ నా బతుకంత ఆ కిటికీ మీద పడ్డది. దానికి ఏం కట్టాలె?

మొదలు గొంగడి కట్టిన. మా బాపు ఇచ్చిన నల్లగొంగడి, వానకు చలికి అక్కరకొచ్చినట్టె ఎండకు కూడ అక్కరకొస్తదనుకున్న. పొద్దు ఆగింది, నిజమే. దానితోని పాటు గాలి, వెలుతురు అన్నీ ఆగినయి. గొర్లమంద నడిమిట్ల పండుకున్నట్టు వాసన. పని నుంచి వచ్చి దర్వాజ తీస్తె లోపటి నుంచి మా ఆమె గొంతు, "ఎవలు? నువ్వేనా? జర మాట్లాడు, కనవడుతలేవు." గొంగడి తీసేసిన. "ఉండనియ్యరాదు," అన్నది ఆమె, మొఖం తుడుసుకుంట. "ఊరంత బతుకుతలేరా? పొద్దుగూకితె అదే సల్లవడుతది." ఆ మాటల నాకు మా మామ గొంతే వినవడ్డది. అయ్యో, పిల్ల ఆశ వదులుకున్నది, ఇగ మూట కట్టుడే తరువాయి అనుకున్న.

కనిపిచ్చినోన్నల్ల అడుగుడు మొదలువెట్టిన. పక్కింటి పెద్దమ్మ, "టేకాకులు కుట్టి కట్టు బిడ్డా" అన్నది. కట్టిన. రెండో దినానికి ఆకులు అప్పడాల తీరు ఎండి, గాలి వచ్చినప్పుడల్ల ఎవలో కిటికీల కూసొని కరకర నములుతున్నట్టె చప్పుడు. కిరాణ సేటు, "నీలి కాయిదం అంటిచ్చు, కండ్లకు సల్లగుంటది" అన్నడు. అంటిచ్చిన. కండ్లకు సల్లగనే ఉన్నది, పాణానికే లేదు. ఆ నీలి వెలుతురుల మా ఆమె మొఖం చూస్తె నాకే భయమైంది, గిదే మొఖం మామ చూసిండంటె అదే రైలుకు తోల్కపోతడు. కాయిదం చింపేసిన.

అప్పుడు తట్టింది నాకు, అరె, నేను పరదాలోన్ని గద! ఊరంత తిరిగి అడుగుడేంది? ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టున్నది నా పని. బాయిల మా పని చూసె సర్దారుకు చెప్పి, పాతగై పక్కన వడేసిన పరదా ముక్కలు మోపు కట్టి తెచ్చుకున్న. సెలవు దినం పొద్దుగాల్నుంచి పని మొదలు. బాయిల ఎట్ల కడ్తమో అచ్చం అట్లనే, కిటికీ కాడ మొదలువెట్టి, అర్ర నడిమిట్ల నుంచి, దర్వాజ దాక తెర కట్టిన. ఉన్న ఒక్క అర్ర సొరంగమైంది. వాకిట్ల నలుగురు జమైతె వాళ్లకు చెప్పుకుంట కట్టిన. "ఇగో, గాలి గీడ లోపటికి వస్తది, గీ తెర ఎంబడి మలుగుతది, మంచం మీది నుంచి పోయి గా దర్వాజల ఎల్లుతది. ఒక్క చుక్క గాలి ఆగం కాదు." మా ఆమె పొయ్యికాడ కూసొని, "అయితె నేను గీ తెర అవతల ఉండాల్నా, ఇవతల ఉండాల్నా?" అని అడిగింది. "గాలి ఉన్న దిక్కు ఉండు" అన్న, సర్దారు లెక్క.

పగటాల్లకు గాలి వచ్చింది. నేను చెప్పినట్టె వచ్చింది, చెప్పిన కాడనే మలిగింది, ఒక్క చుక్క ఆగం కాలే. మంచం మీది నుంచి దర్వాజ దాక దూసుకుంట పోయింది. గని అది ఏం గాలి? ఇనుము కరిగిచ్చె కొలిమి గాలి. వడగాలి! బాయిల లోపట గాలి వస్తె చాలు, మనిషి బతుకుతడు, నువ్వు ఎసొంటి దానివని దాన్ని అడిగెటోడు లేడు. ఆ అలవాటుల నేను మందమర్రి మీది వడగాలినంత పోగుజేసి, మర్యాదగ దారి చూపిచ్చి, మా ఆమె నెత్తి మీదికి తోల్కొచ్చిన. మంచినీళ్ల కుండ మీద కప్పిన తడిబట్ట చూస్తుండంగనే ఎండి కట్టెలెక్క అయింది. పళ్లెంల పెట్టిన అన్నం కలిపేలోపు అటుకులైంది. వాకిట్ల జమైనోళ్లు ఒక్కరొక్కరే, "పనున్నది, పోతం" అనుకుంట జారుకున్నరు.

అంతటితోని అయినా బాగుండేది. గా పరదాకు పూసింది డాంబరు. బాయిల సల్లటి చీకట్ల అది గట్టిగనే ఉంటది, పడమటి పొద్దు తగిలేసరికి మెత్తబడ్డది. మా ఆమె చెంబు తీసుకునెటందుకు వంగి లేసింది, జడ పోయి తెరకు అంటుకున్నది. నేను గుంజిన. ఆమె కేకవెట్టింది. పెద్దమ్మ ఉరికొచ్చింది. దీపంబుడ్డిల పోసె గ్యాస్నూనె గుడ్డతోని రుద్దితెనే గని డాంబరు పోదు. పొద్దుగూకేదాక పెద్దమ్మ ఆ జడను పాయ పాయ ఇడదీసుకుంట నన్ను తిట్టింది. "పిల్లకు ఎండ తగలనియ్యనన్నవట గదరా, జడకు డాంబరు పూస్తనని కూడ చెప్పినవా?" కొండనాలుకకు మందేస్తె ఉన్న నాలుక ఊడింది అంటరు చూడున్రి, అది నేనే. ఆమె మాత్రం తిట్టలే. గ్యాస్నూనె వాసనకు ముక్కు చిట్లిచ్చుకుంట, "ఇగ చాలు. ఎందుకంత పరేషాన్ అయితవు?" అన్నది. అంటె ఇగ నేను ఉండనన్నట్టె గద అని నేను అనుకున్న. అన్నం సయించలే నాకు ఆ పూట.

రోహిణి దగ్గరవడ్డది. ఏం చెయ్యాల్నో తోచక బంగ్లల దిక్కు తిరుగుతుంటె, ఓ ఆఫీసరు ఇంటి కావలాయన ఎరుకైనోడు కనిపిచ్చిండు. వాళ్ల కిటికీకి కొత్త వట్టివేళ్ల తడక వచ్చిందట, పాతది కొట్టం మీద వడేసిన్రట. వట్టివేళ్లంటె మీకెరుకనే గద, తడిపితె చాలు కమ్మటి వాసనేసే గడ్డివేళ్లు. వాటిని వెదురు చట్రంల అల్లి కిటికీకి కట్టి నీళ్లు చల్లితె, ఎంత వడగాలైనా దానిలనుంచి సల్లగై వస్తది. "తీస్కపో," అన్నడు కావలాయన, "కని ఎండనియ్యద్దు. ఎండిందనుకో, ఉత్త గడ్డిమోపే." నెత్తిన పెట్టుకొని బజార్ల నుంచి వస్తుంటె, ఎవడో అరుగు మీది నుంచి, "ఏం పరదాలోడా, బర్రెను కొన్నవా?" అని అడిగిండు.  ఇయ్యాల నవ్వుతరు, రేపు నా అర్రల కూసుంటమని వస్తరు అనుకున్న.

కట్టి, నీళ్లు చల్లి, మంచం మీద కూసున్న. ఓ గడియకు... ఏమని చెప్పాలె! తొలివాన పడ్డ మట్టి తీరు వాసన, ఆ వాసన ఎంబడి సల్లటి గాలి. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మా ఆమె కూడ కొంగు తీసి మెడ తుడుసుకొని, "బాగనే ఉన్నది" అన్నది. ఆమె నోటినుంచి బాగున్నదని వినుడు అదే మొదలు. గని ఆ తడకకు ఎంత దూప! రెండు బిందెలు పోస్తె గడియల తాగుతది, మళ్ల "ఆ" అని నోరు తెరుస్తది. మా వరుసకంత ఒక్కటే నల్ల. పొద్దుగాల కొంచెం, పొద్దుమీకి కొంచెం వస్తది, దాని ముంగట బిందెల బారు. మొదటి దినం ఆమె మోసింది. పొద్దుమీకి కాళ్లు సాపుకొని కూసొని, "తడక సల్లగుండెటందుకు నేను ఎండల తిరుగుతున్న, ఇది నా కోసమా, దాని కోసమా?" అన్నది. న్యాయంగనే ఉన్నది మాట. ఇగ రేపటి నుంచి నేనే మోస్త అన్న. బాయి నుంచి వచ్చి, బొగ్గు మొఖం కడుక్కోకముందే బిందెలెత్తుకొని నల్ల కాడ ఆడోళ్ల బారుల నిలవడ్డ. వాళ్లు నవ్వుడు, నేను తల వంచుకునుడు. కానియ్యి, నా సంసారం నిలవడుతది అనుకున్న.

అన్నట్టె రోహిణిల మామ వచ్చిండు. జమ్మికుంటల రైలెక్కి, మందమర్రిల దిగి, ఎండల నడుసుకుంట వచ్చిండు, రుమాలు కింద మొఖం కందగడ్డ లెక్క ఉన్నది. నేను ఆ దినం తెల్లారగట్ల నుంచి గోలెంల ఉన్న నీళ్లన్ని తడకకే పోసి పెట్టిన. మామ లోపటికి వచ్చిండు. నిలవడ్డడు. గాలి పీల్చిండు. తడకను చేత్తోని ముట్టి చూసిండు. బిడ్డను చూసిండు. నన్ను చూసిండు.  అప్పుడు మామ, పరాయింట్ల ఎన్నడు తియ్యని రుమాలు తీసి, చిలుక్కొయ్యకు తగిలిచ్చి, మంచం మీద ఒరిగి, "అల్లుడా, గిది ఇల్లు కాదుర, ఇంద్రలోకం" అన్నడు. అని, గుర్రు పెట్టిండు.

గెలిచిన! ఆ క్షణం నేను భూమి మీద లేను. అరుగు మీద కూసొని బీడి ముట్టిచ్చుకొని, నా అసొంటి అల్లుడు జిల్లల ఉన్నడా అని నాకు నేనే అనుకున్న. తెల్లారి మామ పోవాలె. పోలే. ఆ తెల్లారి కూడ పోలే. మూడో పొద్దు అంబలి తాగుకుంట, "ఎండకాలం రైతుకేం పనున్నది అల్లుడా? మిరుగం దాక ఈడనే ఉంట. మా ఊర్లె కూడ గింత సల్లగ లేదు" అన్నడు. నా చేతిలున్న చెంబు జారి కిందవడ్డది. ఉన్నది ఒక్క అర్ర. దాంట్ల ఒక్క మంచం. దాని మీద మామ.

అప్పటి నుంచి ఇగ నా బతుకు చూడున్రి. బాయి నుంచి మసిమొఖంతోని వస్తె, ఇంకా అరుగెక్కలే, లోపటి నుంచి, "అల్లుడా, తడక ఎండుతున్నది జర చూడు" అని గొంతు. నేను తడకకు నీళ్లు మోసుడు, తడక మామకు గాలి ఇసురుడు, మామ గుర్రు పెట్టుడు. నేను మాత్రం అరుగు మీద వడగాలిల కూసునుడు, ఎందుకంటె లోపట మామ ముంగట కాళ్లు సాపుకొని పండుకోలేను గద. రాత్రి అయితె అందరం వాకిట్ల పండుకునుడే, మా ఆమె చాప పెద్దమ్మ పక్కకు, నా చాప మామ మంచం పక్కకు. కొత్త జంట పెద్దోళ్ల ముంగట మాట్లాడుకోవద్దు. ఏం కావాల్నన్నా గోడతోని చెప్పినట్టు చెప్పాలె. "చారు పొయ్యమంటడా?" అని ఆమె దూలానికి చెప్తె, "పొయ్యమను" అని నేను తడకకు చెప్పేది. తర్వాత తర్వాత ఆ మాటలు కూడ బందైనయి. గిన్నెలు దబ్బుదబ్బున పెట్టుడు, చెంబు ఠంగుమనిపిచ్చుడు. ఆ చప్పుళ్లకు నా పాణం పోయేది. గింత చేసినా పిల్లకు సల్లదనం చాలుతలేదేమో, తండ్రికి చెప్పి పోతదేమో అని, ఇంకో రెండు బిందెలు ఎక్కువ మోసెటోన్ని. ఎన్ని ఎక్కువ పోస్తె గిన్నెల చప్పుడు అంత ఎక్కువైంది. ఏందో నాకు సమజు కాలే.

మిరుగం పడ్డది. పొద్దుమీకి ఉరుములు, మెరుపులు, రేకుల మీద కంకర పోసినట్టు వాన. మామ దర్వాజల నిలవడి మబ్బుల దిక్కు చూసి, "ఇగ పోవాలె, ఇత్తునాలు పెట్టాలె" అన్నడు. దేవుడా, నీకు దండం! తడకను ఇప్పి మూలకు పెట్టిన. ఎండకాలం దాటింది, పిల్ల నా దగ్గరనే ఉన్నది, నా మాట నిలవడ్డది, ఇగ ఆషాఢం దాకనన్న మేమిద్దరమే. అప్పుడు మామ రుమాలు చుట్టుకుంట, మంచి మాట చెప్తున్నట్టె, "ఎట్లన్న ఆషాఢం వస్తనే ఉన్నది గద అల్లుడా. నేను ఇప్పుడు పోయి, మళ్ల పిల్ల కోసం రావాలె, రానుపోను ఎందుకు? నా ఎంబడే తోల్కపోత" అన్నడు. నేనేమంట? పంచాయితీలు చెప్పె మనిషి, తప్పు ఎక్కడున్నదని పట్టుకోను? "సరే మామా" అన్న. ఆ రెండు మాటలు ఎట్ల ఎల్లినయో నాకే ఎరుక.

టేషన్ల తుంపర. మామ టికెట్లు తీసెటందుకు పోయిండు. అన్ని దినాలకు మేమిద్దరం ఒంటిగ నిలవడ్డది అదే. ఏం మాట్లాడాల్నో తెల్వక, "నీకు సల్లదనం చాలలే గద, వచ్చే ఏడు కొత్త తడక తెస్త" అన్న. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నా దిక్కు తిరిగింది. కండ్లు ఎర్రగున్నయి. "నీకు సోయి ఉన్నదా?" అన్నది. "నీ గా తడక లేకుంటె మా బాపు రెండో దినమే రైలెక్కుండె. ఎండకు భయపడి పోతనని నేనెన్నడన్న అన్ననా? ఉండనియ్యి, ఉండనియ్యి అని ఎన్ని తీర్ల చెప్పిన! తోల్కపోత అంటె నేను రాను బాపూ అందునని అప్పుడే అనుకున్న. ఆ మాట అనేటి పని లేకుంట చేసినవు. ఊరోళ్లందర్ని అడిగినవు, నన్నొక్కదాన్ని అడిగినవా?" ఇంతల మామ వచ్చిండు. ఆమె కొంగు కప్పుకొని, నెత్తి వంచుకొని, ఏం ఎరుగనట్టె మూట ఎత్తుకున్నది. రైలు వచ్చింది, పోయింది.

ఇంటికొచ్చిన. దర్వాజ తీస్తె అర్ర సల్లగున్నది. కిటికీకి ఏం లేదు, గొంగడి లేదు, ఆకు లేదు, పరదా లేదు, తడక లేదు, ఉత్త చువ్వలే. వానగాలి ఆ చువ్వలల్ల నుంచి దానంతల అదే వస్తున్నది. మంచం ఖాలి. పొయ్యిల బూడిద. నేను కోరుకున్న సల్లదనం అంత ఆ దినం నాకొక్కనికే దొరికింది, మంచం మీద బొర్ల పండుకొని ఏడ్సిన. నిజం చెప్తున్న, సిగ్గేంది, పోరన్నే గద.

శ్రావణంల ఆమె వచ్చింది. తర్వాత ఎన్నో ఎండలు చూసినం, మామ గూడ కాలం చేసిండు, ఇప్పుడు పిల్లలు పెట్టిచ్చిన మిషిని మీట నొక్కితె అర్రంత సలి. ఆమె గొణుగుకుంట దుప్పటి మీదికి గుంజుకుంటది. నేను ఒక్కోసారి కండ్లు మూసుకుంటె, భుజం మీద బిందె పెట్టుకొని, మసిమొఖంతోని, ఎదురొచ్చినోన్నల్ల తోసుకుంట ఉరుకుతున్న ఆ పోరడు కండ్ల ముంగట మెదులుతడు. నాకు నవ్వస్తది, జర గుండెల కలుక్కుమంటది కూడ. వాన్ని ఆపి, "ఒరేయ్ పిచ్చోడా, ఆ బిందె కింద పెట్టు, ముందు ఇంటికి పోయి ఆ పిల్లను అడుగు" అని చెప్పాల్ననిపిస్తది. చెప్తె ఇంటడా? "జర జరుగు తాతా, అవతల తడక ఎండుతున్నది" అని ఉరుకుతడు.